పేరు పెట్టి అడిగినోడు

"పొద్దున్నించి గడపలోనే కూర్చోనుండావే, ఏంది పెద్దమ్మా?"

సుమ్మా, ఊరికే కూర్చోలేదు మే. నా మాటలు ఫోన్లో రికార్డు ఎత్తుకుంటావా? ఎత్తుకో, నాకేం. బ్యాంకు మనిషి రెండు గంటల్లోపల వస్తానన్నాడు. లోపలికి పోతే మళ్ళా పోయినసారి కత అయిపోతుందేమోనని భయం, నీళ్ళు తాగేకి కూడా లేయలా. నువ్వప్పుడు కోయంబత్తూరులో పనిలో ఉండావు, నీకు తెలీదు.

మీ పెదనాయన ఈ చూలై పేటలో నలభై ఏండ్లు రేకులు కొట్టి పెట్టెలు చేసిన మనిషి గదా, చెవులు రెండూ పొయినాయి. నేను బళ్ళో ఆయాగా చేరినప్పుడు, మున్నూర్రూపాయలు జీతం, కాదు కాదు, రెండొందల ఎనభై, మున్నూరు తరవాత చేసినారు, అప్పుడంతా గుసగుసగా చెప్పినా వినేటోడు. ఇప్పుడు నేనరిస్తే పక్కింటోళ్ళు పలకతారు, ఆయన పలకడు. చెవి మిషను అంగట్లో ఇరవై రోజులు పెట్టుకోని చూడమని ఇచ్చినారు. మొదటిరోజే లేసి పొయి గేటు కాడ కొళాయి కట్టేసొచ్చినాడు, చుక్కలు కారతా ఉండాదంట. నాకు ఏడుపొచ్చేసింది. అయితే అంత దుడ్డు ఒకే తూరి యాడ తెచ్చేది? నెలనెలా కట్టాలంటే క్రెడిట్ కార్డు ఉండాలన్నారు. ఇరవై రోజుల్లో కార్డు రాకుంటే మిషను వాపసు.

ఆధారు జెరాక్సు, పాను జెరాక్సు, పించను పుస్తకం జెరాక్సు, అన్నిట్లో సంతకం. ఈ సంతకం ఆ సంతకం మాదిరి లేదంటుంది బ్యాంకులో ఆ పిల్ల. అదే చెయ్యి గదమ్మా అంటే వినదు. కరెంటు బిల్లు రాసే కార్డు ఓనరమ్మ పేరుతో ఉండాది, చెల్లదంట, బాడుగ పత్రం తెమ్మనింది. ముప్పై ఏండ్లుగా ఉండాము, ఏ పత్రం? ఓనరమ్మని అడిగితే, సంతకం పెడితే రేపు ఇల్లే మాదంటారు అనింది. ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా నోరు కట్టుకోని మూడు రోజులు ఆమె గుమ్మంలో కూర్చున్నా, నాలుగోరోజు పెట్టింది.

అన్నీ ఇచ్చినాక, మనిషొచ్చి ఇల్లు చూసి పోతాడన్నారు. ఎప్పుడో చెప్పలా. నేను రేషనుకి పొయిన పూటే వచ్చినాడు. నాలుగు తూర్లు ఫోను చేసినాడంట. ఫోను ఇంట్లో పెదనాయన పక్కనే ఉండింది. ఆయనేమో నేను లేనప్పుడు మిషను తీసి డబ్బాలో పెట్టేస్తాడు, నువ్వు లేకుంటే ఎవురి మాట వినేకి అంటాడు.

ఆ మనిషి ఫైలు పట్టుకోని గేటు కాడ నిలబడి, రాజేశ్వరి అనే ఆమె ఉండారా అని, నా పేరు పెట్టి, మీ అమ్మనే అడిగినాడు. మీ అమ్మ, ఆ పేరుతో ఈడ ఎవురూ లేరు అని పంపించేసింది.

మీ అమ్మ మీద కోపం చేసుకోబాక. అది నేను నేర్పిన మాట. నువ్వు కడుపులో ఉన్నప్పుడు దెబ్బలు తాళలేక ఈ కాంపౌండుకి వచ్చేసింది గదా. మీ నాయన నలుగుర్ని ఏసుకోనొచ్చి కమల యాడ అంటే, గేటుకి అడ్డం నిలబడి ఈ మాటే చెప్పినా. మీ అమ్మ నా మంచం కింద ఉండింది. ఆ దినమే తొమ్మిది పోర్షన్లోళ్ళకీ చెప్పినా, మనల్ని ఎరిగినోళ్ళు ఆయమ్మా అంటారు, అక్కా అంటారు, పేరు పెట్టి అడిగినోడు పరాయోడు, లేరని చెప్పండి అని. ఇన్నేండ్లూ ఎవురూ తప్పలా.

బ్యాంకులో ఆ అడ్రసులో నేను లేనని రాసేసినారు. ఎదురుగా నిలబడుండా గదమ్మా అన్నా. ఆరు నెల్లు పోయినాక మళ్ళా రమ్మనింది. మిషను వాపసు ఇచ్చేకి పొయినామా, అంగడి మెట్ల మీద పెదనాయన, తీసేలోపల ఏదన్నా మాట్లాడు అన్నాడు. ఇంత వాగేదాన్ని, ఆ పొద్దు మాత్రం పద పోదాం అన్నా, అంతే. ఆయన చెవిలో పడిన కడపటి మాట అదే.

మీ అమ్మ ఆ రోజు అన్నం తినలా. ఏమని తిట్టేది?

ఇప్పుడు మళ్ళా అన్ని జెరాక్సులూ ఇచ్చుండా. ఈ తూరి ఉండానని చెప్పండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పినా, అయినా అలవాటు గదా, నోటికి అదే వస్తుందేమో. నువ్వు చల్లగుండాల పాపా. నీ పేరు మీద ఇల్లుండాల, కరెంటు కార్డుండాల, ఎవురొచ్చి అడిగినా ఉండానని చెప్పేటట్టు బతకాల.

ఇరు ఇరు, ఆగు. గేటు కాడ బండి ఆగింది. దిగినోడి చేతిలో ఫైలు ఉండాది. మీ అమ్మ కొళాయి కాడ నించి లేస్తా ఉండాది చూడు. పరిగెత్తు మే, నా మోకాళ్ళు లేయనీవు, ముందర నువ్వు పొయి చెప్పు, రాజేశ్వరి ఉండాదని చెప్పు...