క్లాషులు సున్నా

"విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం ఒడ్డున ఏ బిల్డింగు నిలబడ్డాదన్నా అది నా సేతి మీదగా నిలబడ్డాదే," అన్నాడు నాగబాబు, టీ మీది మీగడను వేలితో పక్కకు తీస్తూ. అప్పుడే దేముడమ్మ చూపు తన మీద పడేసరికి కొంచెం సర్దుకున్నాడు. "అంటే... నిలబెట్టింది కూలోళ్ళనుకో. గీసింది ఇంజనీరుగారు. నాను ఆయన పక్క కుర్సీలో కూకున్నాను. గాని, ఆ కుర్సీ మట్టుకు నాదే."

దేముడమ్మ టీ కొట్టు పాతమొగలో, తుఫాను షెల్టరు పక్కనే ఉంటుంది. భావనపాడు దాటి ఇసుకలో ఇంకా ముందుకు పోతే వచ్చే చిన్న పల్లె అది. చేపల వేట నిషేధం రోజులు కాబట్టి తెప్పలన్నీ ఒడ్డునే పడున్నాయి. దానికి తోడు ఫణి తుఫాను. సాయంత్రం ఐదు లోపల ఊరంతా షెల్టరు ఎక్కాలని మైకు కట్టిన ఆటో పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పిపోయింది. ఊరు ఇంచుమించు ఎక్కేసింది. బిందెలు ఎక్కాయి, బియ్యం మూటలు ఎక్కాయి, కోళ్ళు ఎక్కాయి, ఎవరిదో టీవీ కూడా దుప్పటి కప్పుకుని ఎక్కింది. దేముడమ్మ ఎక్కలేదు.

"నానెక్కను. టీ తాగితే తాగండి, లేకపోతే పోండి," అని స్టూలు మీదే కూర్చుంది.

ఆవిడ మోకాళ్ళు పని మానేసి మూడేళ్ళయింది. షెల్టరుకేమో ఇరవై మూడు మెట్లు. కింద నీళ్ళు పారిపోవడానికి వట్టి స్తంభాలు, పైన హాలు. కిందటేడు తిత్లీ వచ్చినప్పుడు నలుగురు కలిసి ఆవిణ్ణి వలలో కూర్చోబెట్టి, ఆ వలను తెడ్డుకు కట్టి పైకి మోశారు. అంత భయంలోనూ ఎవడో "సొరసేప పడ్డాదిరో!" అన్నాడు. అందరూ నవ్వారు. దేముడమ్మ నవ్వలేదు. విశాఖలో ఆఫీసులో ఉన్న నాగబాబుకు ఆ సంగతి ఫోన్లో చెప్తే అతనూ నవ్వాడు. నవ్వి ఫోను పెట్టేశాక, తెచ్చుకున్న కేరేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

ఇవాళ రెండు రోజుల సెలవు పెట్టి వచ్చింది ఈవిణ్ణి పైకి ఎక్కించడానికే. ఊరి వరసలో అత్త. ఏడేళ్ళ వయసులో, పురికొసతో తిమింగలాన్ని పట్టి, జాలేసి వదిలేశానని అతను కోసిన మొదటి కోతకు పడీపడీ నవ్వింది ఈవిడే. నవ్విస్తే లేస్తుంది. నాగబాబుకు తెలిసిన వైద్యం అదొక్కటే.

అందుకే బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. షెల్టరు ముందర నడుమెత్తు సిమెంటు దిమ్మ ఒకటుంది. రోజూ దాని మీద దేముడమ్మ నెత్తళ్ళ చేపలు ఎండబెడుతుంది, ఇవాళ తీసేసింది. నాగబాబు దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, ఎండ కళ్ళలో పడుతోందన్నాడు. ఆకాశంలో మబ్బు తప్ప మరేమీ లేదు.

"ఇంతకీ నువ్వు సేసే ఉజ్జోగమేట్రా?" అన్నాడు ఎదురు బల్ల మీది లక్ష్ముడు. తెప్ప ఉన్న మనిషి, అరవై దాటినవాడు.

"బిమ్ము, మావా."

"బీమానా? తిత్లీకి తెప్ప పోయినప్పుడు అడిగితే ఒక్కడూ పలకలేదు. నువ్వేనేటి ఆడివి?"

"బీమా కాదు మావా, బిమ్ము! బిల్డింగు బయట కట్టకముందే కంప్యూటర్లో కట్టీడం. పాత నక్షాలో గోడంటే రెండు గీతలు. మాదాంట్లో అలాక్కాదు, గోడకి తను గోడనని తెలుసు. ఎంత మందం, ఏ ఇటిక, లోపలికి ఏ పైపు ఎల్తాది, అన్నీ దాని కడుపులోనే ఉంటాయి."

"మా ఇంటికాడ మా అన్నకి తను మనిసినని ఇప్పటికీ తెల్దు," అన్నాడు వెంకీ. లక్ష్ముడి మేనల్లుడు. చేతులు వల అల్లుతున్నా నోరు ఖాళీగా ఉండదు.

"నువ్వుండరా. ఒకనాడు సూస్తన్నాను, నీళ్ళ పైపు దూలం నడుమ నుంచి దూసుకుని ఎల్లిపోతన్నాది. దాన్ని క్లాషంటారు. ఒకే సోట రెండొస్తువులు కూకోడం. సైటు మీద కనబడితే దూలం పగలగొట్టాల. నాను ఒక్క నొక్కు నొక్కి పైపుని పక్కకి జరిపీసినాను."

"అంతేనా?"

అంతే. అక్కడ ఆగి ఉంటే అది అక్షరాలా నిజం. కానీ దేముడమ్మ గిన్నెలో గరిట తిప్పుతూనే ఉంది.

"అంతేనేటి? ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆ దూలాన్ని ఇంకొంచెం దగ్గరగా లాగి సూస్తే, కాంక్రీట్లో మేస్త్రి మరిసిపోయిన కేరేజీ కనబడ్డాది, మూత తీసి సూద్దును గదా, సేపల పులుసు, ఏడిగా పొగలొస్తన్నాది, మా సారు ఒక ముక్క తిని ఉప్పు తగ్గిందనీసినాడు."

"కట్టకముందే కాంక్రీట్లో కేరేజీ ఎలా మరిసిపోనాడు బావా?"

"రేపు మరిసిపోబోయేది నాకు ఇయ్యాలే కనబడిపోనాదిరా. బిమ్మంటే అదే మరి!"

లక్ష్ముడు తల పంకించాడు. దేముడమ్మ గరిట ఆగలేదు. నాగబాబు కాళ్ళు విప్పి, మళ్ళీ ముడుచుకున్నాడు.

"అరసవల్లి సంగతి సెప్పనా? ఆడ సూరీడు ఏడాదికి రెండు మార్లు సామి పాదాల మీద పడతాడు గదా. ఆ పక్కనే లాడ్జి మోడలు సేసినప్పుడు నాను సూరీణ్ణి ఎలాగ తిప్పినానంటే, గదిలో పడుకున్నోడి అరికాళ్ళ మీద రోజూ పడతాడు, అదీ సరిగ్గా గది కాళీ సెయ్యాల్సిన టైముకి. ఆ లాడ్జిలో తలుపు కొట్టి లేపే మనిసే లేడు తెలుసా?"

దేముడమ్మ పెదవి ఒక పక్కకు కదిలింది. నాగబాబుకు ఆ మాత్రం చాలు.

"ఇంక గాలి పరీక్స సెప్తాను ఇను. మోడలు మీదకి తుఫాను గాలి ఒదిలి సూడాల. నూటయాబై కిలోమీటర్లని కొట్టబోయి సున్నా ఒకటి ఎక్కువ కొట్టీసినాను. అంతే! ఆఫీసులో ఫ్యాన్లు ఎనక్కి తిరిగీసినాయి, కాయితాలెగిరిపోనాయి, మా మేనేజరు నెరిసిన విగ్గు కిటికీలోంచి లెగిసిపోయి, ఆ తర్వాత ఏటైందో తెలుసా? గజపతినగరం సంతలో కూరల కుప్ప మీద పడ్డాది. ఎవరో ముసలమ్మ కాలీఫ్లవరనుకుని సంచిలో ఏసుకుని ఎల్లిపోనాది!"

"ఒండుకుని తినీసినాదేటి?" అన్నాడు వెంకీ.

"అది మోడల్లో లేదు."

దేముడమ్మ ముక్కుతో నవ్వింది. గరిట ఆగింది. నాగబాబు గుండె కుదుటపడింది. ఇంకొక్క అరగంట కోస్తే చాలనుకున్నాడు.

"అది సరే గాని, కంప్యూటర్లో నువ్వు కట్టీసినాక బయట మళ్ళీ ఎవుడు కడతాడు?" అన్నాడు లక్ష్ముడు.

"దానికి పద్ధతులున్నాయి మావా. గీసేవోడొకడు, కట్టేవోడొకడు. ఇది పాత పద్ధతి. గోడ వంకరొస్తే ఆడు ఈణ్ణంటాడు, ఈడు ఆణ్ణంటాడు, గోడ అలాగే ఉంటాది. రెండోది డిజైన్-బిల్డు. గీయడం, కట్టడం, తాళాలిచ్చీడం, అన్నీ ఒక్కడికే. పెళ్ళికి సరుకులు మనం తెచ్చి వంటోణ్ణి పిలవడం మొదటిది, ఆకులెయ్యడం దగ్గిర్నించి నువ్వే సూసుకో అనీడం రెండోది. ఈ షెల్టరు రెండో రకం."

"ఇందులో కొత్తేటుంది? మా నావలు కట్టే మేస్త్రి కూడా అంతే. గీసుకుందీ ఆడే, కట్టిందీ ఆడే." లక్ష్ముడు గ్లాసు కింద పెట్టాడు. "గాని నావ మొదటిమారు అలల మీదకి ఎల్లినప్పుడు ఆణ్ణి కూడా ఎక్కించుకుని ఎల్లీవోళ్ళం."

నాగబాబు గ్లాసెత్తి తాగాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది.

"ఈ షెల్టరు మోడలు సేసింది నానే!" అన్నాడు కొంచెం గట్టిగా. "ఎన్ని క్లాషులనుకున్నారు? నాలుగొందల పన్నెండు! ఒక్క పూటలో అన్నీ తీసీసి సున్నాకి తెచ్చినాను. పెద్దసారు లేచి నిలబడి సప్పట్లు కొట్టినాడు, ఆయన్ని సూసి పక్క ఆఫీసోళ్ళు, ఆళ్ళని సూసి రోడ్డు మీద బస్సులో జనం, ఆకరికి జపానోడు పోను సేసి, బాబూ, మా దేశంలో మూడు క్లాషులు మిగిలిపోనాయి, తవరొస్తే బాగుంటాదని ఏడ్సినాడు. మోడల్లో మన ఊరు మొత్తం ఉన్నాది. మనుసులు నడుస్తారు, కోళ్ళు మెట్లెక్కుతాయి. కాలాన్ని జరిపే పుల్ల ఒకటి ఉంటాది, ముందుకి తోస్తే రేపు కనబడతాది, ఎల్లుండి కనబడతాది. నాను కొంచెం గట్టిగా తోసీసరికి రెండేల డెబ్బై ఒచ్చీసినాది. లక్ష్ముడు మావ మునిమనవడు ఇదే బల్ల మీద కూకుని, టీలో పంచదార తక్కువైనాదని పేచీ పెడతన్నాడు."

"అప్పుడు టీ ఎవుళు పోస్తన్నారు?" అంది దేముడమ్మ.

"ఇంకెవుళు? నువ్వే! పోస్తే పోసినాను లేకపోతే పోరా అంటన్నావు."

దేముడమ్మ పగలబడి నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. లక్ష్ముడూ వెంకీ కూడా. నాగబాబు లేచి నిలబడి, చెయ్యి చాపాడు. "మరి లెగు అత్తా. ఎల్దుము."

దేముడమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, ఇంకా నవ్వుతూనే అడిగింది.

"మరి ఆ కంప్యూటర్లో నానెలా ఎక్కినానురా? వల్లోనేనేటి?"

ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాగబాబు నోరు తెరిచాడు. గరుడపక్షి రావచ్చు, జపాను క్రేను రావచ్చు, ఏదో ఒకటి నాలిక చివరికి వస్తుందని చూశాడు. ఏదీ రాలేదు. పుట్టాక మొదటిసారి.

"ర్యాంపు మీద," అన్నాడు.

"ఏ ర్యాంపు?" అన్నాడు వెంకీ.

"ఉండేదిరా. షెల్టరు సుట్టూ మెల్లిగా తిరిగొచ్చీది. సక్రాల కుర్సీ తోసుకుంటూ ఎల్లిపోవొచ్చు. నానే పెట్టినాను, రెయిలింగుతో సహా." చెయ్యి వదిలించుకోబోయాడు. దేముడమ్మ వదల్లేదు. "ఆకరి క్లాషు అదే. ర్యాంపు తోక ఎల్లి శిలాఫలకం దిమ్మకి తగిలినాది. రెండడుగులు దూరిపోనాది."

లక్ష్ముడు మెడ తిప్పి దిమ్మను చూశాడు. బోసిగా ఉంది. "దీనికా? దీని మీద రాయే పెట్టలేదు గదరా! ఓపెనింగే అవలేదు."

"మోడల్లో ఉండేది."

"దిమ్మని జరపొచ్చు గదా?" అన్నాడు వెంకీ. ఈసారి వాడి గొంతులో హాస్యం లేదు.

"జరపొచ్చు."

"మరి?"

"పెద్దోళ్ళ పేర్లుండే రాయిరా. దాన్ని జరపాలంటే ఉత్తరం రాయాల, ఒప్పుకోలు రావాల. ర్యాంపు తీసీడానికి అవేటీ అక్కర్లేదు. తీసీసినాను. సున్నా ఒచ్చినాది. పైన సార్లు సున్నాని సూసి సంతకం పెట్టినారు. గీసేదీ కట్టేదీ ఒకుడే గదా, ఆడికి పని తగ్గినాది. ఏదిరా ర్యాంపని ఒక్కడూ అడగలేదు."

దూరంగా మైకు ఆటో నాలుగోసారి వస్తోంది. గాలి మొదలైంది, కొట్టు మీది తాటాకులు ఒకటొకటే లేచి పడుతున్నాయి. లక్ష్ముడు వంగి స్టవ్వు ఆపేశాడు. దేముడమ్మ వద్దనలేదు.

నాగబాబు ఆవిడ ముందు గొంతుకూర్చుని వీపు చూపించాడు. "ఎక్కు అత్తా. వల లేదు, తెడ్డు లేదు."

రెండు చేతులు అతని మెడ చుట్టూ పడ్డాయి.

వెంకీ గిన్నెలూ స్టూలూ పట్టుకుని ముందు నడిచాడు. లక్ష్ముడు టీ పొడి డబ్బా చంకన పెట్టుకుని వెనక నడిచాడు. దిమ్మ పక్కగా వెళ్తున్నప్పుడు నాగబాబు తల వంచుకున్నాడు. మెట్లు మొదలయ్యాయి. మోడల్లో ఒక్కో మెట్టు ఆరంగుళాలు. ఇరవై మూడూ అతనే పేర్చాడు. పద్నాలుగో మెట్టు మీద ఆగి, రెయిలింగు పట్టుకున్నాడు. వెంకీ పైకి వెళ్ళిపోయాడు. లక్ష్ముడు ఇంకా కిందే, ఊపిరి తీసుకుంటున్నాడు.

దేముడమ్మ అతని చెవి దగ్గర మెల్లిగా అంది. "నాగా. ఉత్తరం రాయడానికి బద్ధకించీ గుంటడివి కాదురా నువ్వు. తిమింగలం నాటి నుంచీ నీ కోతలు ఇంటన్నాను, ఏది కోతో నాకు తెల్దేటి? ఆ తర్వాత ఏటైనాదో అది సెప్పు."

నాగబాబు కిందికి చూశాడు. పై నుంచి దిమ్మ చిన్నగా కనబడుతోంది. బస్సు ఆగే చోటికి ఎదురుగా, ఎంచి పెట్టినట్టు ఉంది. ఎంచి పెట్టిందే.

"ఆ రాయి మీద..." అని ఆగాడు. గాలి ఆ మాట ఎత్తుకుపోతుందేమోనని చూశాడు. పోలేదు. "మోడల్లో... అందరి పేర్లూ అయిపోయినాక, అడుగున, సిన్న అచ్చరాలతో నా పేరు రాసుకున్నాను అత్తా. దిమ్మని ఎనక్కి జరిపితే బస్సు దిగినోళ్ళకి కనబడదనీసి."