కప్పుకు పెట్టిన కిటికీ

హలో… ఆఁ, నేనే అక్కా, హిల్కాని. గొంతేంటి అలా ఉంది? ఏడ్చావా?…

కారుతోందా! ఏది, మీ తౌనో ఇంటి కప్పుకు పెట్టిన కిటికీయా?… మొన్న సెప్టెంబర్లో పెట్టిందేగా…

ఆగాగు. నీళ్లు మగ్గం మీద పడుతున్నాయా?… తివాచీ తడిసిందా… ఓ మూలేనా. సరే, ముందు మగ్గం పక్కకి జరుపు… ఒక్కదానివే జరపలేవా? తౌనో ఏడి మరి?

ఏంటీ? ఆయన్ని పొమ్మన్నావా!… నిన్న సాయంత్రమేనా? అయ్యో అక్కా. బావ పోయిన ఇన్నేళ్లకి, అరవై దాటాక, దొరక్క దొరక్క ఓ మంచి మనిషి దొరికితే…

నవ్వట్లేదు. చెప్పు, ఏమన్నావ్?… “మా ఆయన కట్టిన ఇంటికి చిల్లు పెట్టావు, ఇంక రాకు” అన్నావా! దానికాయన?… టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడా… పాపం కదే.

ఛ, నేను ఆయన పక్షం కాదు. ఇరవయ్యేళ్లుగా ఈ కూసమో ఊళ్లో రేకుల కప్పులు వేస్తున్నదాన్ని, నాది కప్పు పక్షం. అడిగినదానికి జవాబు చెప్పు. నీళ్లెక్కడివి? చట్రం మూలల్లోంచి వస్తున్నాయా, అద్దం మీంచి జారుతున్నాయా?… వెళ్లి చూడు. నేను లైన్లోనే ఉంటాను.

…

అద్దమంతా చెమటలా?… కింది అంచున సన్నగా మంచు కట్టింది. ఊఁ. మూలల్లో చెక్క తడిమి చూడు… పొడిగానే ఉంది. గోడ మీద మరక?… లేదు.

అక్కా, ఆ గదిలో బట్టలు ఆరేశావా?… రెండు తాళ్ల నిండానా! రంగులద్దిన నూలు కూడానా… కిటికీ కింది హీటరు?… కట్టేశావా. బయట చలెంత?… మైనస్ ఇరవై ఎనిమిది.

ఇంకేం! అది కప్పు నీళ్లు కాదే తల్లీ, నీ బట్టల నీళ్లే. ఆవిరి పైకెళ్లి చల్లటద్దానికి తగిలి కారుతోంది. మన సౌనాలో ఆవిరిస్నానానికి వేడి రాళ్ల మీద నీళ్లు పోసినప్పుడు కిటికీ కారదూ? ఇదీ అంతే…

లేదు, ఆయన తప్పు వీసమెత్తు లేదు. నువ్వు చవగ్గా వచ్చిందని రెండు పొరల అద్దాలది తెస్తే, వెనక్కిచ్చి చలి ఆగేలా మూడు పొరలది తెచ్చిందెవరు? పైనుంచి జారే మంచు కిటికీ దగ్గర ఆగిపోకుండా, రేకుని ముక్కులా వంచి రెండు పక్కలకీ మళ్లించాడు చూడు, నాక్కూడా తోచదు ఆ పనితనం…

సిగ్గేస్తోందా? వెయ్యాల్సిందే.

సర్లే. హీటరు పెట్టు, బట్టలు కిందికి దించు, అద్దం తుడువు. పైన మంచు ఎంతుంది?… మూరెడా! మరి వెలుగేముంటుంది. నువ్వు మాత్రం ఎక్కకు. శనివారం నేనొస్తాను, మెత్తటి చీపురుతో పైపైన లాగేస్తే… ఇనప పార తగిలించామా, అద్దం గీసుకు—

ఏంటా చప్పుడు?… కప్పు మీదా?… ఎలుగుబంటేంటి అక్కా, జనవరిలో! అవి నిద్రలో ఉంటాయి. పెరట్లోకి చూడు…

తౌనో స్కీలా? గోడకి ఆనించి ఉన్నాయా!… ఓహో. రావద్దంటే లోపలికి రాలేదు, నిచ్చెన వేసుకుని పైకెక్కాడు.

నడుముకి తాడు కట్టుకున్నాడో లేదో అడుగు… కిటికీలోంచి కాదు! బయటికెళ్లి అడుగు. అక్కా, కిటికీ తెరవకే, పైన మూరెడు మం—

అక్కా!

…అక్కా? ఉన్నావా? ఏదో ఒకటి మాట్లాడు!… ఏడుపా?… నవ్వా అది! ఎక్కడ పడింది, నెత్తి మీదా, మగ్గం మీదా?… రెండింటి మీదానా. ఆయన జారలేదుగా?… తాడుంది. బతికించాడు.

ఎందుకెక్కాట్ట?… రేకెక్కడైనా లేచిందేమో చూడ్డానికా. రాత్రంతా నిద్ర లేదన్నాడా… మరి చెప్పు, చిల్లేం లేదని… నేనెందుకు చెప్తాను? నోరు జారింది నువ్వు.

…“తప్పు నాదే” అని నాతో అంటావేంటి? పైకి చూసి అను… వినపడి ఉండదు, గాలి కదా. గట్టిగా!

…

ఆఁ. అదీ.

ఏమన్నాడు?… కాలివేళ్లు కొయ్యబారాయి, దిగనా అన్నాడా? అంతేనా?… ఏంటీ, నవ్వుతూ అన్నాడా! ఇంకేం కావాలి నీకు. వెళ్లు, నిచ్చెన మెట్లు మంచుతో గాజులా ఉంటాయి, అడుగున గట్టిగా పట్టుకో…

ఇంకా నాతో మాట్లాడతావేంటి! ఫోన్ పెట్టెయ్యక్కా. నిచ్చెనకి రెండు చేతులూ కావాలి.