కౌజు పిట్టలను పిలిచింది నేనే

నా పేరు బాలసుబ్బయ్య. తండ్రి నాగన్న. వయసు నలభై ఒకటి. మాది అన్నమయ్య జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. నాలుగేళ్ళుగా జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా పని చేస్తున్నాను. నేను తెలుగులో చెప్పగా దుబాసీ పోలీసులకు అరబ్బీలో చెప్పారు.

మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన పెద్దకొడుకు యూసుఫ్ శుక్రవారాల్లో విదేశీయులను రెల్లు మడుగులకు తీసుకెళ్ళి పక్షులను చూపిస్తాడు. ఆయన గైడు. నేను బండి తోలి, దుర్భిణి స్టాండు మోస్తాను. కౌజు పిట్ట గడ్డిలో కూస్తుంది గానీ కంటపడదు. పోయినేడు వచ్చినవాళ్ళు దాని కోసం విసుక్కుంటుంటే నేను నోటితో కూశాను. అది బయటికి వచ్చింది. మా నాయన నేర్పిన కూత అది. అప్పటి నుంచి నేను పొద వెనక నక్కి కూసేవాణ్ణి, మెప్పు యూసుఫ్‌కు వచ్చేది. అయినా ఆయనకు నేను 'డ్రైవర్'నే. నా పేరు తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

2025 ఏప్రిల్ 11, శుక్రవారం. ఉదయం 5:40కి ఆరుగురితో మడుగు దగ్గరికి చేరాం. 6:15కి కూశాను. ఒక కౌజు కుంటుకుంటూ వచ్చింది. ఒక ముసలామె ఫోటో తీయడం మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడింది. 8:30కి అందరినీ ఎగైలాలో దించాను.

సాయంత్రం 4:10కి యూసుఫ్ ఫోన్ చేసి మళ్ళీ అక్కడికే రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆయనా, ఇద్దరు స్నేహితులూ పొద్దున పిట్ట వచ్చిన చోటే వలలు కట్టి ఉన్నారు.

"యల్లా, కూయి" అన్నాడు.

"బాబా, చూపించేదానికే గదా ఇది" అని నాకు వచ్చిన అరబ్బీలో అన్నాను.

"నీ ఇఖామా ఎవరి చేతిలో ఉంది?" అన్నాడు. ఈ దేశంలో ఉండేదానికి నాకున్న అనుమతి కాగితం అదే, అది వాళ్ళ చేతిలోనే ఉంది.

కూశాను. మొదట పడింది ఆ కుంటిదే. పొద్దున ఏమీ కాలేదు కాబట్టి నమ్మి వచ్చింది. యూసుఫ్ స్నేహితుల ముందు నా భుజం తట్టి, "శభాష్, సుబ్బయ్యా" అన్నాడు. తర్వాత ఇంకో పది పడ్డాయి. 5:45కి కాపలావాళ్ళ బండి కనబడగానే ముగ్గురూ కారెక్కి వెళ్ళిపోయారు. అక్కడ పిట్టలు పట్టడం నేరం; వలల దగ్గర మిగిలిన నన్ను పట్టుకుని పోలీస్ స్టేషనుకు తెచ్చారు.

నిన్న మా కఫీల్ ఇంట్లో వంట చేసే జమీలా బీ స్టేషనుకు అన్నం తెచ్చింది. "వలలు నావేనని చెప్పు సుబ్బయ్యా. చెప్తే టికెట్ కొనిచ్చి ఊరికి పంపిస్తారంట. లేకుంటే పనిలోంచి పారిపోయినావని కేసు పెడతారంట" అంది.

"నువ్వేమంటావు అక్కా?" అన్నాను.

"నేనూ ఆ ఇంట్లోనే బతకాల గదా" అని గిన్నె కడుక్కుని వెళ్ళింది. ఆమె మీద నాకు కోపం లేదు.

ఊరికి పంపినా, జైల్లో పెట్టినా వలలు యూసుఫ్‌వి. అవి నావని చెప్పను.

పోలీసులు రాసింది దుబాసీ నాకు తెలుగులో చదివి వినిపించారు. 'భయపడి పదకొండింటినీ పిలిచాను' అని ఉంది. మొదటిదాన్ని భయపడి పిలిచాను. తక్కిన పదింటినీ ఆ శభాష్ కోసం పిలిచాను. అలాగే మార్చి రాయమన్నాను, రాశారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నేను చెప్పిందే, నిజమే.

(సంతకం) బాలసుబ్బయ్య