పురుగుల్లేని సముద్రం

హలో… ఆ, నేనే నవ్యా, ప్రసన్నక్కని. టాటానగర్ నుంచే…

ఊఁ, చేరాను. నాన్న రిటైర్మెంటు భోజనాలు రేపే కదా, ఇల్లంతా జనం. అందుకే డాబా మీదకొచ్చి మాట్లాడతన్నాను…

కాదు, కబుర్లకి కాదు. నువ్వు ల్యాబ్‌లోనే ఉన్నావా?… అయితే కూర్చో ముందు.

ఏటీ లేదు, భయపడకు… ఆ ఆఖరి మట్టి సీసాలు, ఓడ మీద సముద్రం అడుగునుంచి తీసినవి… నేను జ్వరంతో పడుకున్న వారం నువ్వొక్కదానివే కడిగావు కదా?…

ఆ. వాటిలోనే పురుగు ఒక్కటీ లేదన్నావు.

తెలుసే… కంటికి ఆనని పురుగులైనా నీ మైక్రోస్కోప్‌ని తప్పించుకోలేవు. నేనడిగేది అది కాదు—

ఒక్క నిమిషం. హా అంకుల్, నమస్తే!… హాఁ హాఁ, వహీ, సముందర్ వాలా కామ్… థాంక్యూ అంకుల్!… మా పక్కింటి జయప్రకాష్ అంకుల్‌లే. మా అమ్మాయి సముద్రంలో ఏదో పెద్దది కనిపెట్టిందని నాన్న మా పేట పర్సుడీహ్ అంతా చాటింపేసాడు.

అదే కదా నా బాధ! ఆ సీసాలు తీసిన చోట సముద్రం అడుగు చచ్చిపోయిందని మన ల్యాబ్ వెంకట్రావు సార్ రేపు కొచ్చి మీటింగులో చెప్పేత్తారు. దాని మీదే కదా నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేది…

విను. పొద్దున్న అమ్మ పరమాన్నానికి బియ్యం గాలిత్తంది… గాలించడం తెలీదా? ఓహో, నువ్వు ప్యాకెట్ బియ్యం పిల్లవి… రాళ్ళు తీయడానికే తల్లీ. గిన్నెలో నీళ్ళు పోసి, ఊపుతా ఊపుతా పక్క గిన్నెలోకి వంపుతారు. బియ్యం నీళ్ళతో వెళ్ళిపోతాయి, రాళ్ళు అడుగున ఉండిపోతాయి. నేను టీ తాగతా చూత్తన్నాను… టీ అక్కడే వదిలేసి లేచిపోయాను.

ఎందుకా? మనం చేసేదీ అదే కదే! మట్టిని నీళ్ళలో తిప్పి వంపుతాం. పురుగులు తేలిక, నీళ్ళతో వచ్చి జల్లెడలో పడతాయి. ఇసక అడుగునే…

ఇప్పుడు చెప్పు. వంపిన నీళ్ళు ఏటి చేసావు?

…

జల్లెడలో పోసావా?

…

సింకులోనా!

అన్ని సీసాలవీనా?… మురికి నీళ్ళనుకున్నావా… ఇసక మాత్రం ఒక్క రేణువు పోకుండా దాచావా… అయ్యో తల్లీ.

అరే, రో మత్… నువ్వలా ఏడుత్తంటే నాకేటీ వినపడట్లేదు.

ఏటన్నావు?… సార్‌కి చెప్పకపోతేనా?…

నాకూ వచ్చింది ఆ ఆలోచన. పొద్దున్నించీ ఈ మెట్లు ఎక్కుతా దిగుతా అదే అనుకుంటన్నాను. ఎవరికీ తెలీదు, నిజమే. మళ్ళీ మట్టి తీద్దామంటే ఓడ ఎప్పుడిత్తారో ఏటో… నోరు మూసుకుంటే అన్నీ సవ్యంగా అయిపోతాయి.

ఆగు. ఆ ఇసకలో గుల్ల జీవులు దొరికాయన్నావు కదూ?… అవి బరువు, అందుకే నీళ్ళతో పోలేదు. ఉత్త గుల్లలే అని లెక్కలో వేసుకోలేదు మనం… పళ్ళెం ఇంకా ఉందా?… పెట్టు మైక్రోస్కోప్ కింద. నేను లైన్‌లోనే ఉంటాను.

…

అమ్మా, వత్తన్నాను! వంటోడితో నువ్వే మాటాడు!

…

ఆ, చెప్పు. గుల్ల లోపల రంగు ఉందా?… అదే, ఓడ మీద సీసాల్లో కలిపాం కదా, గులాబీ రంగు. బతికున్నవాటికే పడతాది అది. ఎప్పుడో చచ్చిన ఖాళీ గుల్లకి పట్టదు…

మళ్ళీ చూడు.

…

పక్కది?

…

అన్నిటికీనా!

లేదే, నవ్వుతన్నానో ఏడుత్తన్నానో నాకే తెలీట్లేదు. చావలేదు నవ్యా! మనం తీసినరోజు ఆ అడుగు బతికే ఉంది. పురుగులూ ఉండే ఉంటాయి… మనమే సింకులో పోసేసాం.

ఉద్యోగమా… ఏమో. కింద నాన్న అందరికీ నన్ను చూపించుకోడానికి ఎదురు చూత్తన్నాడు, ఆయన మొహం ఎలా చూడాలో తెలీట్లేదు…

లేదు. దాచలేను. బతికున్నదాన్ని చచ్చిందని ఎలా చెప్పమంటావే?

నీ పేరు నేనెత్తనులే… ఆ, నేనే చెప్తాను. ఫోన్ పెట్టెయ్యి తల్లీ, సార్ ఫోనే వత్తంది.