చల్లటి చుక్కలు

(గుంటూరులో ఒక కంటి ఆసుపత్రి. ఆపరేషను గది బయట బల్ల మీద మిరప కూలీల మేస్త్రి ప్రేమమ్మ, పక్కన ఆమె ఊళ్ళో మందుల షాపు నడిపే సుభానీ.)

"డాక్టరుగారు అంత నిదానంగా అడిగితే, కంటికి ఏమీ వాడలేదన్నావేంటక్కా?"

"మరేమనమంటావ్? మా సుభానీ షాపులో ఆరేళ్ళుగా చుక్కలు కొనుక్కుని పోసుకుంటున్నానండీ అనమంటావా?"

"మెల్లగా. మెల్లగా అక్కా."

"చూశావా, ఇక్కడ బయట అంటేనే నీకు చెమటలు పోస్తున్నాయి. లోపల అనుంటే అక్కడే పడిపోయేవాడివి."

"నాకు చెమటలు పోస్తున్నాయని నీకెట్టా తెలుసు? నీకు కనపడదుగా."

"వాసనొస్తోందిలే."

"నవ్వులాటలొద్దు. ఆయన మూడుసార్లు అడిగాడు. ఊరికే అడుగుతారా?"

"వాళ్ళ పనే అడగటం. నలభై ఎనిమిదేళ్ళకే రెండు కళ్ళకీ శుక్లాలేంటమ్మా అన్నాడు. మా అమ్మకీ వచ్చాయండీ అన్నా. అయిపోయింది."

"మీ అమ్మకి డెబ్భై దాటాక వచ్చాయి."

"ఆ ముక్క ఆయన అడగలా."

"అక్కా..."

"నోర్మూసుకో. ఎవరో వస్తున్నారు. చెప్పుల చప్పుడు."

"ప్రేమమ్మగారంటే మీరేనా అండి? నా పేరు షమా, ఇక్కడ కౌన్సెలర్‌ని. ఆపరేషను గురించి చెప్పి సంతకం తీసుకోమన్నారు. ఈయన మీకేమవుతారు?"

"తమ్ముడు తల్లీ. వీడి పేరు సుభానీ, అయినా అనుమానపడకు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఏ ఆసుపత్రికైనా వీడే తోడు. ఈ రోజు షాపు కట్టేసి మరీ వచ్చాడు."

"అదృష్టవంతులండి. ఇలాంటి తమ్ముళ్ళు ఎక్కడుంటారు?"

"అంత లేదులే మేడమ్. మీరు చెప్పాల్సింది చెప్పండి."

"కంట్లో నల్లగుడ్డు వెనక చిన్న అద్దం లాంటిది ఉంటుందమ్మా. వెలుతురంతా దానిలోంచే లోపలికి పోవాలి. అది మసకబారితే శుక్లం అంటాం. మీకు ఎండలో ఎక్కువ ఇబ్బందా, సాయంత్రం పూటా?"

"ఎండలోనే. ఎండెక్కిందంటే అంతా తెల్లటి పొగ. పొద్దువాలితే కాస్త నయం. ఎండలో కనపడకపోతే నేనెందుకు పనికొస్తానమ్మా? తాలు ఏరేదే ఎండలో."

"తాలంటే? మాది కొత్తపట్నం అండి. చేపలు తెలుసుగానీ మిరపకాయల సంగతి తెలియదు."

"రంగు పోయి తెల్లబడ్డ కాయలు. ఎర్రటివాటిలోంచి ఏరి పక్కన పడేయాలి. మొన్న వెంకయ్యగారి కల్లంలో నేనేరిన బస్తాలో సగం తాలేనంట. అందరిముందూ టార్పాలిన్ పట్టా మీద గుమ్మరించి చూపించాడు. ఇరవై ఏళ్ళుగా మేస్త్రిని. సిగ్గుతో చచ్చిపోయా."

"ఇంక ఆ బాధ ఉండదులెండి."

"ఆపరేషను లేకుండా పోదా? చుక్కలతో కరిగిపోతుందని మా ఊళ్ళో ఎవరో అన్నారు."

"కరిగించే చుక్కలు ఇంకా ఎక్కడా లేవమ్మా. మొదట్లో అయితే అద్దాలు మార్చుకుని కొన్నాళ్ళు నెట్టుకురావొచ్చు. మీది ఆ దశ దాటింది."

"ఇంకో సంవత్సరం ముదరనిస్తే తేలిగ్గా వస్తుందన్నారే."

"అది పాత మాట. ముదిరితే గట్టిపడి ఇంకా కష్టం, పెద్ద కోత పెట్టాల్సి వస్తుంది. ఇప్పుడైతే చిన్న రంధ్రం చేసి, మిషనుతో ఆ మసక అద్దాన్ని పొడి చేసి లాగేస్తారు. దాని చోట ప్లాస్టిక్ లెన్సు పెడతారు. కుట్లు కూడా ఉండవు. ఇవాళ ఒక కన్ను, కొన్నాళ్ళాగి రెండోది."

"లెన్సుల్లో రకాలుంటాయంటగా మేడమ్?"

"ఉంటాయండి. ప్రభుత్వ కార్డు మీద ఉచితంగా వచ్చేది ఒక దూరానికే పనిచేస్తుంది. దూరానికి పెడితే దగ్గర పనికి కళ్ళజోడు పెట్టుకోవాలి. దూరం, దగ్గర రెండూ చూపించేవి కూడా ఉన్నాయిగానీ, వాటితో కొంతమందికి దీపాల చుట్టూ వలయాలు కనపడతాయి. లోపలి నరం బాగున్నవాళ్ళకే పెడతారు."

"నాకు సినిమాలు చూసే పన్లేదమ్మా. చెయ్యి చాచినంత దూరంలో ఎరుపేదో తెలుపేదో తెలిస్తే చాలు."

"కళ్ళజోడుతో తెలుస్తుంది. నెల రోజులు మాత్రం కల్లం వైపు పోకూడదు. ఆ ఘాటూ దుమ్మూ తగలకూడదు. ఇదిగోండి, ఆపరేషనయ్యాక వేసుకోవాల్సిన చుక్కలు. రోజుకి ఆరుసార్లతో మొదలుపెట్టి, వారం వారం తగ్గించుకుంటూ నెలన్నర. తర్వాత ఒక్క చుక్క కూడా వేయకూడదు."

"ఏదీ, ఆ సీసా ఇటివ్వండి మేడమ్."

"ఏమైందండి? అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. నాది మందుల షాపు. అందుకని."

"అయితే మీకు తెలిసే ఉంటుంది. స్టెరాయిడ్. మంటనీ వాపునీ ఠక్కున లాగేస్తుంది. కానీ ఎవరూ చూడకుండా నెలల తరబడి వాడితే ఇదే శుక్లం తెచ్చిపెడుతుంది. కంట్లో ప్రెషరు పెంచి నరాన్ని పాడుచేస్తుంది. కొంతమందికి అసలు పడదు, వాళ్ళకి వేరే చుక్కలిస్తారు. ప్రేమమ్మగారికి ప్రెషరు కాస్త ఎక్కువగా ఉంది. డాక్టరుగారు అన్నిసార్లు అడిగింది అందుకే."

"నరం పాడైతే?"

"శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషనుతో వస్తుంది. నరం పాడై పోయిన చూపు తిరిగి రాదండి. అమ్మా, నేనూ ఒకసారి అడుగుతున్నా. కంటి మంటకో దురదకో ఏవైనా చుక్కలు వాడారా?"

"లేదు తల్లీ."

"సరే. పేపర్లు తీసుకొస్తా. ఇక్కడే ఉండండి."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. అక్కా, విన్నావా?"

"చెవులు బాగానే ఉన్నాయి."

"అదే మందు. కంపెనీ పేరు వేరు, లోపలున్నది అదే. చెప్పకపోతే అదే మందు రోజుకి ఆరుసార్లు పోస్తారు. నీ కంటికి పడదని తేలితే ఏమవుతుంది? లెన్సు బాగానే ఉంటుంది, నరం పోతుంది. అప్పుడు ఎవడేం చేస్తాడు?"

"ప్రభువున్నాడు."

"ప్రభువు నా షాపులో కొనమన్నాడా?"

"ఒరేయ్, ఎందుకురా నీకు నువ్వే ఉరేసుకుంటావ్? కళ్ళు మండిపోతున్నాయి ఏదన్నా ఇవ్వరా అని నేనే వచ్చా. ఇచ్చావ్. ఒక్క చుక్కకి కళ్ళు చల్లబడ్డాయి. మళ్ళీ మళ్ళీ నేనే వచ్చా. డాక్టరు చీటీ లేకుండా ఇచ్చావని తెలిస్తే నీ షాపుకి తాళం వేస్తారు. మీ సిద్దికా చదువేం కావాలి?"

"నా కూతురి గురించి ఇప్పుడెందుకక్కా?"

"మరి నా గురించి నువ్వెందుకు?"

"నేను చదివాను కాబట్టి."

"ఏంటి చదివింది?"

"అట్టపెట్టెలో కాగితం ఉంటుంది. సన్నటి అక్షరాలు. పోయినేడు సంక్రాంతి దాటాక వచ్చి, ఎండలో పొగలాగా ఉందిరా అన్నావ్ చూడు. ఆ రోజు నువ్వెళ్ళాక తీసి చదివా. ఈ మేడమ్ చెప్పిందంతా అందులో ఉంది."

"చదివి?"

"మడిచి లోపల పెట్టేశా."

"తర్వాత వారం నేనొస్తే మళ్ళీ ఇచ్చావ్."

"ఇచ్చా."

"ఆ తర్వాత వారం కూడా."

"ఇచ్చానక్కా. ఇక ఇవ్వనని చెబితే ఎందుకివ్వవని అడుగుతావు. అడిగితే ఇన్నాళ్ళూ తెలియక ఇచ్చానని ఒప్పుకోవాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇచ్చా. నిన్ను బస్సెక్కించి ఇక్కడికి తీసుకొచ్చింది మంచితనంతో అనుకుంటున్నావ్. భయంతో తీసుకొచ్చా. తిట్టు. నన్ను తిట్టవేం?"

"ఏమననురా? నిన్ను తిట్టే మొహం ఉండాలిగా నాకు."

"అదేం మాట? నీ కళ్ళు పాడుచేసింది నేను."

"ఇంక ఆపు. చెప్పొద్దు. నాకు నెలన్నర చుక్కలు పోస్తే పోయనీ. నా కళ్ళు, నా ఇష్టం."

"షాపు పోతే పోతుంది. సిద్దికాకి నేనే చెప్పుకుంటా. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"సుభానీ, వద్దురా. నీకు దణ్ణం పెడతా. చెప్పావంటే ఇంకో పది ప్రశ్నలు అడుగుతారు."

"అడగనీ. మేడమ్! ఓ మేడమ్, ఒక్క నిమిషం!"

"ఏమండీ? అమ్మకేమైనా అయిందా?"

"ఇందాక చెప్పింది నిజం కాదు మేడమ్. ఈమె స్టెరాయిడ్ చుక్కలు వాడింది. ఆరేళ్ళు. ఇచ్చింది నేనే, నా షాపులోనే. చీటీ గీటీ ఏమీ లేదు. ఏం రాసుకుంటారో రాసుకోండి."

"ఆరేళ్ళా? అమ్మా, నిజమేనా?"

"వాడికి మతి పోయింది తల్లీ. పొద్దున టిఫిను కూడా చేయలా."

"పేరు చెబుతా రాసుకోండి మేడమ్. మీరిచ్చిన సీసాలో ఉన్న మందే."

"మంచి పని చేశారండి. ఇప్పుడే లోపల చెప్పాలి, చుక్కలు మార్చాలి. ఏడాది పొడుగునా వాడేవారా?"

"లేదు, కల్లాలున్నన్నాళ్ళూ. మాఘమాసం నుంచి ఎండాకాలం దాకా."

"రోజుకి ఎన్నిసార్లు?"

"అది ఈమెకే తెలియాలి. వారానికి ఆరు సీసాలు తీసుకెళ్ళేది."

"ఎన్ని?"

"ఆరు. ఒక్కోసారి ఎనిమిది."

"అలా ఎలా అండి? రెండు కళ్ళకీ రోజుకి నాలుగుసార్లు వేసినా ఒక సీసా పది రోజులొస్తుంది. ఒక్క మనిషికి వారానికి ఆరా?"

"అంటే... వేసుకునేటప్పుడు కింద పడిపోతాయేమో అనుకున్నా. కళ్ళు కనపడవుగా."

"కనపడక ముందు నుంచీ ఆరేనా?"

"అవును. మొదట్నుంచీ. అక్కా, మిగతావి ఏం చేసేదానివి?"

"నేనడగలేదురా నిన్ను, కాగితం ఎందుకు మడిచావని."

"అడుగు. చెప్పాగా. ఇప్పుడు నువ్వు చెప్పు."

"అమ్మా, ఏడవకండి. ఆపరేషను ముందు కళ్ళు నులుముకోకూడదు. మెల్లగా చెప్పండి. ఎవరూ మిమ్మల్ని కొట్టరు."

"కొడితే బాగుండు తల్లీ. మధ్యాన్నం అన్నాలు తిన్నాక ఘాటు నషాళానికెక్కేది. ఒకతి కళ్ళు కడుక్కొస్తానని లేస్తే వెనకాలే అందరూ లేచేవాళ్ళు. కల్లం ఆగిపోయేది. పొద్దుగూకేలోపు బస్తాలు కుట్టకపోతే రైతు ఇంకో కూలీల ముఠాని పిలుచుకుంటాడు. నా మాట పోతుంది."

"అందుకని?"

"అందుకని వరసగా పట్టా మీద పడుకోబెట్టేదాన్ని. వద్దత్తా అన్నవాళ్ళని కసిరి మరీ పడుకోబెట్టా. ఏమీ కాదే, చల్లగా ఉంటుంది, నేను వేసుకోవట్లా అనేదాన్ని. ఈ ఏడు ముగ్గురు చెప్పారు, ఎండలో పొగలాగా ఉందని. నీరసం, తిండి సరిగా తినండి అని చెప్పా. చెప్పి మళ్ళీ చుక్కలేశా."

"యా అల్లా. ఎంతమందక్కా?"

"వాణ్ణి వదిలెయ్ అమ్మాయ్, వాడొక్కడి పేరు రాసుకుంటే సరిపోదు. కాగితం తియ్. పద్నాలుగు పేర్లు చెబుతా, రేపే పిలిపించండి. ముందు మా కోడలు శ్రీరమ్య, ఇరవై ఆరేళ్ళు. దానికి రెప్పలు నేనే నా చేత్తో విప్పి వేసేదాన్ని."