కొట్టివేత పక్కన సంతకం

నా ఈ వీడ్కోలు సభకు పెద్దరికం వహించిన మా కాలేజీ ప్రెసిడెంట్ ప్రేటర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పై ఒక్క ఏళ్లు పక్క బల్ల దగ్గర కూర్చుని నా సణుగుడు భరించిన రోడాకు, ఇంత చలిలో కొండలు దిగి వచ్చిన మీకందరికీ, వెనక వరుసలో నా మాటల కంటే ఆపిల్ కేకు మీదే చూపు నిలిపిన విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

ఇందాక ప్రేటర్ గారు పావుగంటసేపు వాండా స్టర్గిల్ అనే ఒక మహాత్మురాలి గురించి చెప్పారు. వింటుంటే ఆవిణ్ని నాకూ ఒకసారి చూడాలనిపించింది. (నవ్వులు) మా ఇంట్లో మాత్రం ఆ పేరుతో అటువంటి మనిషి లేదు, కావాలంటే మా ఆయన్ని అడగండి.

నా పనేమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. లేనివాళ్ల పిల్లల చదువుకు ప్రభుత్వం సాయం ఇస్తుంది. అది రావడానికి ఏటా ఒక ఫారం నింపాలి, వచ్చింది పోకుండా ఉండడానికి నియమాలు పాటించాలి. తెచ్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. ఈ రెండింటి మధ్య పడి కొట్టుకునే పిల్లలకు దారి చెప్పడమే నా ఉద్యోగం. ఫారంలో ఎక్కడ దిద్దినా, కొట్టేసినా, పక్కన దిద్దినవాళ్ల సంతకం ఉండాలని నాకు పట్టింపు. పిల్లలు నాకు 'సంతకం వాండా' అని పేరు పెట్టారని తెలుసు. ఎవరు పెట్టారో కూడా తెలుసు. ఆ పెద్దమనిషి ఇప్పుడు మన కౌంటీ షెరీఫు, మూడో వరుసలో తల దించుకుని కూర్చున్నాడు. (నవ్వులు)

ప్రేటర్ గారు టాబితా స్లోన్ కథ చెప్పారు కదా, సాయం ఆగిపోయి చదువు మానేయబోతున్న పిల్లను నేను కొండెక్కి వెళ్లి నిలబెట్టానని. టాబితా మీకందరికీ తెలుసు. మన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది ఆమే, ఈ హాల్లో సగం మంది ఎముకలు చూసేసింది. ఆయన చెప్పింది నిజమే, కాకపోతే అది రెండో సగం. మొదటి సగం ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లం ముగ్గురం, ముగ్గురమూ ఇక్కడే ఉన్నాం. చెప్పొచ్చా అని మొన్న టాబితాని అడిగితే, "అమ్మమ్మని అడగండి" అంది. ఆ అమ్మమ్మ ఓపల్ గారు, ఇదిగో, మొదటి వరుసలో. ఎనభై ఆరేళ్లు. "నేను పోయాక చెప్పేకంటే, నేను కాదనడానికి ఉన్నప్పుడే చెప్పు" అన్నారు.

ఇరవై రెండేళ్ల కింద, ఫిబ్రవరి నెలలో, ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. టాబితా ఫారం ముందే నింపి తెచ్చింది, గుండ్రని అక్షరాలతో. 'తల్లి' అన్న గడిలో ఓపల్ స్లోన్ అని రాసింది. ఈ కొండల్లో అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలందరూ చేసే తప్పే అది. తప్పు అని ఫారం అంటుంది. అమ్మమ్మ అనే మాటలో అమ్మ రెండుసార్లుంది, ఫారంలో మాత్రం ఆమెకు ఒక్క గడి కూడా లేదు.

"ఇక్కడ కన్నతల్లి వివరాలు రాయాలండీ" అన్నాను.

"అదెక్కడుందో తెలిస్తే రాయమూ?" అన్నారు ఓపల్ గారు.

"పోనీ, దత్తత కాగితం గానీ కోర్టు కాగితం గానీ ఉందా?"

"రెండేళ్ల పిల్లని నా గుమ్మంలో దింపి పోయినప్పుడు రసీదు ఇవ్వలేదమ్మా" అన్నారు.

నేను ఎర్ర పెన్ను తీసి ఆమె పేరు మీద ఒక గీత గీశాను. ఆమె ఆ గీత వంక చూశారు. కోటు వేసుకుని, "పదవే టాబీ, పదహారేళ్లు నిన్ను ఎవరు పెంచారో ఇక్కడ తేలేట్టు లేదు" అని లేచారు. ఫారం నా బల్ల మీదే ఉండిపోయింది. ఆ ఏడాదంతా టాబితా పెట్రోలు బంకు పక్క తిండి కొట్టులో కోడి ముక్కలు వేయించింది.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెప్తాను. ఇలాంటి పిల్లలకు దారి ఉంది. అమ్మానాన్నల ఆచూకీ లేదని పాస్టరో టీచరో ఉత్తరం రాసిస్తే, కాలేజీ అధికారి తన విచక్షణతో ఆ గడులు లేకుండానే సాయం ఇప్పించవచ్చు. ఆ అధికారిని నేనే. ఆ నియమం నాకు ఆ రోజుకే తెలుసు. తెలియక చెప్పలేదనుకుంటే ఎంత హాయిగా ఉండేదో. నాకు భయం. అంతకుముందు ఎప్పుడూ దాన్ని వాడలేదు, తనిఖీవాళ్లు వచ్చి ఎందుకిచ్చావంటే ఏం చెప్పాలి? ఒక పిల్ల ఏడాది పోవడం కంటే నా ఫైలు శుభ్రంగా ఉండడమే నాకు ముఖ్యమైంది.

మరుసటి ఏడు టాబితా ఒక్కతే వచ్చింది, రెండు ఉత్తరాలు పట్టుకుని. "ఇలా ఒక నియమం ఉందని మా స్కూలు టీచరమ్మ చెప్పింది, మీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. ఎప్పటినుంచని అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను ఇన్నేళ్లూ తింటోంది.

ఆ ఉత్తరాలతో సాయం వచ్చింది, కాలేజీలో చేరింది. ఆ తర్వాతది మీరు విన్న కథ. రెండో టర్ములో ఓపల్ గారు మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మార్కులు పాడవకూడదని టాబితా నాలుగు కోర్సుల్లో మూడు వదిలేసింది. ఎవరో తెలివైన స్నేహితులు చెప్పారట, ఫెయిలయ్యే కంటే వదిలేయడం నయమని. పిల్లలూ, మీరు వినండి. వదిలేసిన కోర్సు కూడా లెక్కలోకే వస్తుంది. మొదలుపెట్టినవాటిలో మూడింట రెండొంతులు పూర్తి చేయాలి. రెండు టర్ములూ కలిపి టాబితావి ఎనిమిదికి ఐదు. సాయం ఆగిపోయింది. అప్పీలు రాయమంటే రాసింది: "ఇంట్లో ఇబ్బంది వచ్చింది. ఇక రాదు." అంతే. కమిటీ తిప్పి పంపింది.

మన కొండవాళ్ల సంగతి మీకు తెలియనిదా. ఇంట్లో చిక్కుడుగింజలు కూడా నిండుకున్నా, తిన్నామనే చెప్తాం. నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఓపల్ గారు వాకర్ పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "మా ఇంటి గోడు మేం వీధిలో పెట్టుకోం" అన్నారు. "మీరు చెప్పకపోతే, కమిటీ లెక్కలో ఈ పిల్ల వట్టి బద్ధకస్తురాలండీ" అన్నాను. పొయ్యి మీద ఏదో అడుగంటుతున్న వాసన వచ్చింది. చివరికి, "కాగితం తీయవే టాబీ, తేదీలతో చెప్తాను" అన్నారు. పడిన రోజు చెప్పారు. ఎవరికీ చెప్పని కూతురి సంగతీ చెప్పారు. ఆ పిల్ల సాయం నిలబడింది నా వల్ల కాదు ప్రేటర్ గారూ, ఆవిడ నోరు విప్పడం వల్ల.

అంత పౌరుషం గల మనిషి మనవరాలి కోసం తన గుట్టు కాగితం మీద పెట్టింది. నేను ఇరవై రెండేళ్లు నా గుట్టు కాపాడుకుంటూ సన్మానాలు చేయించుకున్నాను. అప్పీలులో రెండే ప్రశ్నలుంటాయి. ఏం జరిగింది? ఇప్పుడు ఏం మారింది? ఏం జరిగిందో చెప్పాను. మారిందేమిటంటే, ఆనాటినుంచి నా గదిలోకి వచ్చిన ప్రతి పిల్లకూ, అడక్కముందే, మొదటిరోజే ఆ నియమం చెప్పాను. రోడా, రేపటినుంచి నువ్వు చెప్పాలి. ఓపల్ గారూ, నన్ను క్షమించమని అడుగుతున్నాను.

ఏమంటున్నారు? గట్టిగా అనండి, వెనకవాళ్లకూ వినపడాలి. "కాగితం ఏదైనా తెచ్చావా?" అంటున్నారు. (నవ్వులు, చప్పట్లు)

తెచ్చానండీ. ఆ రోజు మీరు బల్ల మీద వదిలేసిన ఫారం ఇదే, ఇన్నేళ్లూ నా సొరుగులోనే ఉండిపోయింది. మీ పేరు అలాగే ఉంది, దాని మీద నా ఎర్ర గీతా ఉంది. ఊరందరి చేతా సంతకాలు పెట్టించినదాన్ని, ఈ కొట్టివేత పక్కన మాత్రం పెట్టలేదు. పొద్దున వచ్చే ముందు, 'ఇది కొట్టేసింది నేను, తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాను. టాబితా, ఇది అమ్మమ్మకి అందించమ్మా.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. నా గది తాళం రోడా దగ్గరుంది. సెలవు.