పరీక్ష బూట్లు

మళ్లీ ఆ నియమాలు ఏకరువు పెట్టకురా తమ్ముడూ! పరీక్షకిచ్చిన బూట్లు పరీక్ష కాగానే వెనక్కి తీసుకోవాలి, వాటిని కోసి లోపల తడి ఎంతవరకు దిగిందో చూడాలి. అంతేగా? నాకు కంఠతా వచ్చేసింది. కాస్త మెల్లిగా మాట్లాడు. మీ బావ పక్క గదిలోనే ఉన్నారు.

అసలు ఎక్కడ మొదలైందిరా ఇదంతా? ఈ బల్ల దగ్గరే కదూ! మంచుకొండ మీద కాపలాకి ఆ పాత బూట్లు పనికిరావట్లేదని ఆయన నీతో మొత్తుకున్నారు. సైన్యానికి సామాను కొనే ఆఫీసాయె నీది. "ఊరికే అంటే కుదరదు బావా, కావాలని మీ దళం రాసి పంపాలి, అప్పుడే కమిటీ కూర్చుంటుంది" అన్నావు. సరే, రాయించారు. కమిటీ కూర్చుంది, నమూనాలు చేయించారు, పైవాళ్ళు అడుగడుక్కీ లెక్కలడిగారు. నువ్వే పట్టుబట్టి పరీక్ష ఆయన దళానికి ఇప్పించావు. ఆ కొత్త బూట్లు తొడుక్కున్నాక ఆయన ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? "ఇన్నేళ్ళకి నా కాలివేళ్ళు నాకు తెలుస్తున్నాయే" అన్నారు. ఇద్దరం ఎంత నవ్వుకున్నామో!

తర్వాత బూట్లు ఎలా ఉన్నాయని మీ ఆఫీసువాళ్ళు ఆయన్ని అడిగారు. బాగున్నాయంటే పోయేది, ఆ చలికాలంలోనే దళానికంతా కొత్తవి వచ్చేసేవి. ఈ మనిషి ఊరుకుంటేగా! అంతా బాగుంది గానీ, చేతికి తొడుగులుంటే లేసు ముడి పడట్లేదన్నారు. ఉన్నదున్నట్టు చెప్పారు, అంతే.

ఆ ఒక్క ముక్కకి మీవాళ్ళు మొత్తం మొదటికి తెచ్చారు! లేసు మారిస్తే అది కొత్త బూటట. కొత్త నమూనా కావాలట. మళ్లీ చలికాలం వస్తేగానీ పరీక్ష లేదట. ఉన్నవి లాక్కుని పాతవి చేతిలో పెట్టారు. ఆ పాతవాటితోనే తుఫానులో చిక్కుకున్నారు. ఇక నీకు చెప్పేదేముంది... రెండు పాదాలూ తీసేశారు.

ఛ, నిన్ను ఆడిపోసుకోవడానికి పిలవలేదురా. నువ్వూ చిక్కి సగమయ్యావు. ఆయన కూడా నిన్ను పల్లెత్తు మాటనలేదు. అనుంటే నాకింత బాధ ఉండేది కాదు. తననే తిట్టుకుంటున్నారు! దళంలో ఇంకో ఇద్దరికి కూడా వేళ్ళు పోయాయిగా. "నేను నోరు మూసుకునుంటే వాళ్ళు బాగుండేవాళ్ళు" అంటారు. అన్నం ముందు కూర్చున్నా అదే మాట. నా గుండె తరుక్కుపోతోంది.

అందుకే పిలిచాను. లోపలికెళ్ళి ఒక్క మాట చెప్పు. ఆయన ఏమీ అనకపోయినా ఆ బూట్లు ఎలాగూ ఆగిపోయేవని చెప్పు. అడుగు ఊడిందనో, మంజూరు రాలేదనో, ఏదో ఒకటి. ఆ ప్రాజెక్టు చూసుకునేది నువ్వేగా, నువ్వు చెబితే నమ్ముతారు.

ఏం, తల దించుకుంటావేం? అబద్ధమని నాకు తెలియదనుకున్నావా?

వెళ్ళరా. చెప్పొచ్చాక ఇక్కడ కూర్చుని అదే నాకూ ఒకసారి చెప్పు. కట్లు మార్చినప్పుడల్లా, ఆ లేసు మాట ఎందుకన్నారండీ అని నాకూ నోటిదాకా వస్తోందిరా.